వంక దాటించిన జేజినాయన

ఈరోజు సోమందేపల్లె దగ్గర పాత ట్రాక్టరు డీజిలు పొగ ముక్కుకు తగలగానే మా జేజినాయన, అదే మా నాయనను కన్న తాత, కళ్లముందుకొచ్చాడు! మిలిటరీలో లారీలు నడిపి వచ్చిన మనిషి. మా ఊళ్లో నా ఈడు వాళ్లూ, ఆయన ఆకుపచ్చ స్వెట్టరు గుర్తుందా? మే నెల ఎండల్లోనూ విప్పేవాడు కాదు!

ఏళ్లుగా ఎండిపోయిన మా వంక ఓ పొద్దున ఒక్కసారిగా పొంగింది. అప్పుడే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రేమో అవతలి ఒడ్డున! ట్రాక్టరెక్కిన నాయన నీళ్లను చూసి ఆగిపోయాడు.

"దిగప్పా, నేను తోల్తా," అన్నాడు జేజినాయన.

"వద్దు నాయనా, నీళ్లు జోరుగా ఉండాయి!"

జేజినాయన వినలేదు. నడుముకు తాడు కట్టుకుని, కట్టెతో లోతు చూసొచ్చి స్టీరింగు పట్టాడు. ట్రాలీలో పశువులకేసే ఎండు చెనిక్కాయ కట్టె పరిచి, దాని మీద అమ్మ, ఆమెను పట్టుకుని మా నాయనమ్మ జేజి, పక్కన నాయన, నేను. నడివంకలో నీళ్లు ట్రాలీలోకి వచ్చేశాయి. అయినా బండి ఆగలేదు!

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో తమ్ముడు పుట్టాడు. జేజి అడిగింది: "యుద్ధానికి పోయొచ్చినోడివి, నీకు భయమే కాలేదు కదా?"

"ఎందుకు కాలేదు? ఆడ లారీలో సామాన్లుండేవి. ఈడ నా ఇల్లంతా ఉండాది!"