ముక్కుల పోసిన మందు

మొన్న శనివారం లాడ్ బజార్ల మా షేట్ దుకాణంల గాజులు చూపిస్తున్న. పెండ్లిళ్ళ గిరాకీ మస్తుగున్నది, నిలవడ సందు లేదు. అంతల ఒక పెద్దామె గాజుల దిక్కు చూడకుండ నా మొఖం దిక్కే చూడవట్టింది. చూసి చూసి, నువ్వు పత్తర్‌గట్టి ఎనుక గల్లీల కామెర్ల మందు పోసే అమ్మ మనుమరాలివి కాదా బిడ్డా, అచ్చం గదే ముక్కు, అన్నది. అవునన్న. మా మనుమనికి కండ్లు పచ్చగైనయి, ఇంక పోస్తున్నరా మీ ఇంట్ల, గురువారం తోల్కరానా అని అడిగింది. లేదమ్మా, పోసే ఆమె లేదు, ముందుగాల రక్తం పరీక్ష చేపియ్యి అని చెప్పి, దవాఖానకు యాడికెళ్ళి పోవాల్నో బిల్లు కాయిదం ఎనుక రాసిచ్చిన. ఆమెకు కోపమొచ్చింది, మందు దాస్తున్న అనుకున్నది, గాజులు కొనకుండనే పోయింది. గాజులకొచ్చిన గిరాకీని దవాఖానకు తోలుతున్నవేందని షేట్ నా మీద లొల్లి చేసిండు. చేస్తే చేసిండు. గా పొద్దటిసంది నా మనసు మనసుల లేదు, అందుకే ఇదంత రాస్తున్న. నాతోటి చదివినోళ్ళు, పాతబస్తీల నా ఈడోళ్ళు ఎవరన్న చదివితే, మా వాకిలి వాళ్ళకు యాదికొస్తది.

వానకాలమొస్తే మా గల్లీల మోరీ నీళ్ళు, నల్లా నీళ్ళు ఒక్కటయ్యేటియి. ఇంటికొక్కరికన్న కండ్లు పచ్చగయ్యేటియి. గురువారం, ఆదివారం పొద్దు పొడవక ముందే, పరిగడుపున, జనం మా వాకిట్లకొచ్చి కూసునేటోళ్ళు. టోపీ పెట్టుకున్న తాత, మెడల సిలువ ఏసుకున్న టీచరమ్మ, అఫ్జల్‌గంజ్‌ల మూటలు మోసే హమాలీ, అందరు ఒక్కటే వరుస. మా నాయనమ్మ ఎవరి కాడ పైస ముట్టేది కాదు, ముడితే మందు పనిచెయ్యదని వాళ్ళమ్మ చెప్పిందట. వాకిట్ల పాకిన తీగకు కాసిన కాయను ఎండవెట్టి, రాత్రి నానేసి, పొద్దుగాల రాయి మీద నూరి, బట్టల పిండి, ఆ రసం ముక్కుల పోసేది. ఆ కాయ పేరు నేనిప్పుడు సుత చెప్ప. చెప్తే ఎవరన్న పోసుకుంటరేమోనని భయం.

మందు అంటున్న గని, చూసేటోళ్ళకు అది కొట్లాట లెక్కనే ఉండేది. రసం ముక్కులకు పోంగనే లోపల నిప్పు పెట్టినట్టు మండుతది, మనిషి ఎగిరెగిరి పడ్తడు. అందుకని ఇద్దరు చేతులు పట్టాలె, బాపు తల పట్టాలె, నేను కాళ్ళు పట్టాలె. ఏడేండ్లప్పటి సంది నా పని గదే. మా బాపు బస్సు డిపోల మెకానిక్కు, స్పానర్లు పట్టి పట్టి చేతులు ఇనుము తీరుగ అయినయి, తల పట్టిండంటే ఇగ మెసలరాదు. ఒక హమాలీ తన్నిన తన్నుకు నా కింది పన్ను ఊడి వాకిట్ల పడ్డది, నోరంత నెత్తురు. నాయనమ్మ నోట్ల ఇంత ఉప్పు వోసి, కాళ్ళు ఇడువకు, అన్నది. ఇడువలే.

కొద్దిసేపు కాంగనే తుమ్ములు మొదలయ్యేటియి. ఎనుకనే ముక్కులకెళ్ళి పచ్చనీళ్ళు కారుతుండె, పసుపు కలిపినట్టు, తబుకు పళ్ళెం కింద పెడితే దాంట్ల బొట్టుబొట్టు పడ్తుండె. అగో, కామెర్లు పోతున్నయి చూడుర్రి అని అందరు ఒంగి చూసేటోళ్ళు. ఎంత ఎక్కువ కారితే అంత సంబురం. ఇంటికి పోయినంక నలభై దినాలు పత్యం, ఉప్పు లేదు, నూనె లేదు, నెయ్యి అసలే లేదు. మంచిగైతే మందు గొప్పతనం, కాకపోతే పత్యం తప్పిన్రు. ఈ లెక్క సరిగున్నదా లేదా అని ఎవరు అడగలే, నేను సుత అడగలే, చిన్నప్పటి సంది చూసింది కండ్లకు వింతగనిపియ్యదు కదా.

నేను ఆ రసం పోసుకున్నది ఒట్టిగ కొంటెతనానికే. పదమూడేండ్లుంటయి. అందరు గింతగనం మొత్తుకుంటరేంది, అంత మండుతదా, చూద్దామని, ఒకనాడు జనమంత పోయినంక గిన్నెల మిగిలింది దొంగతనంగ ముక్కుల పోసుకున్న. నా తల్లి, చచ్చిపోయిననుకున్న. బట్టలుతికే బండ కింద పడి పొర్లిన. తుమ్ములాగినంక చూస్తే ఏమున్నది, నా ముక్కులకెళ్ళి గవే పచ్చనీళ్ళు. నాకు కామెర్లున్నయని నాకే తెల్వదు, దేవుడే కాపాడిండు అనుకున్న. ఎవ్వలికి చెప్పకుండ వారం దినాలు ఉప్పులేని బువ్వ తిన్న, పొద్దుకొకసారి అద్దంల కండ్లు చూసుకున్న. కండ్లు మల్లెపువ్వోలె తెల్లగున్నయి. రెండోసారి పోసుకున్న, మళ్ల పచ్చనీళ్ళే. రోగం లేనోళ్ళకు సుత కారుతుంటే, మరి ఇన్నేండ్ల సంది తబుకుల మేం చూసింది ఏంది?

చెప్పలే నేను. చెప్తే బాపు కొడతడు. ఆయనకు చెయ్యి ముందు లేస్తది, మాట ఎనుక వస్తది.

అమ్మ లేదు మాకు. నన్ను పెంచింది అక్క. తానం పోసుడు, జడలేసుడు, బాపు కొట్టవస్తే అడ్డం నిలవడి నా దెబ్బలు సుత తినుడు, అంత అక్కనే. ఆమెను రెండు గల్లీల అవతల బర్లున్న పాలోళ్ళ ఇంటికే ఇచ్చిన్రు. ఆ ఇంట్ల బావకొక తమ్ముడుండె, పాల క్యాన్లు రెండు చేతుల రెండు లేపేటోడు. అక్క అత్తగారింటికి పోయిన ఏడాదికే ఆయనకు కామెర్లయినయి. మా నాయనమ్మ మూడు గురువారాలు పోసింది, తబుకు నిండ పచ్చనీళ్ళు కారినయి, తగ్గిందనుకున్నరు. నాలుగో వారం నెత్తురు కక్కుకొని పోయిండు. అందరు కూడి, పత్యంల ఏం తప్పిందని అడిగితే, అక్క వాళ్ళ అత్త ఏడ్చుకుంట చెప్పింది, పిలగాడు బువ్వ మింగుతలేడని ఒక్క చెంచ నెయ్యి ఏసిన అని. గంతే. ఆనాటి సంది ఆమె కొడుకును సంపుకున్న తల్లి అయింది. మా నాయనమ్మ పదిమందిల గా మాట అన్నది, బావ అన్నడు, బజార్ల పాలు పోపిచ్చుకునేటోళ్ళు సుత అన్నరు. ఆమె గోడకు తల కొట్టుకునేదట, రాత్రులు నిద్రల లేచి తన చేతులను తనే చెప్పుతోని కొట్టుకునేదట. అక్క నాకు చెప్పుకుంట ఏడ్చేది.

మళ్ల వానకాలమొచ్చింది. అక్కకు ఏడో నెల. కండ్లు పచ్చగైనయి.

అత్త ఈసారి మస్తు పట్టుదల మీదున్నది. ఒక కొడుకును పోగొట్టుకున్నది కదా, కోడలి కాడ పత్యం ఒక్క ఇసుమంత తప్పనియ్య అని, గురువారం రాకముందే అక్కకు గంజినీళ్ళు తప్ప ఏం పెట్టలే. పాపం, ఆమె ప్రేమతోనే మాడ్చింది. గురువారం పొద్దుగాల ఆటోల తెస్తే, బావ ఎత్తుకొని దించిండు. అక్కను చూసి నేను గుర్తు పట్టలే. మొఖం పీక్కపోయింది, పెయ్యంత పసుపు, పిలిస్తే పలుకుతలేదు, కండ్లు మూతలు పడ్తున్నయి. వాకిట్ల ఇంకో పదిమంది కూసున్నరు. నాయనమ్మ గిన్నె పట్టుకున్నది, బాపు అక్క తల పట్టిండు, కాళ్ళు పట్టవే అని నన్ను పిలిచిండు.

నాకు ఏడికెళ్ళి వచ్చిందో ధైర్యం, కాళ్ళు పట్టకుండ పోయి అక్క మొఖం మీద అడ్డం పడ్డ. దవాఖానకు తోల్కపోదాం, ఈ మందు వద్దు అన్న. బాపు మొదలు చేత్తోని కొట్టిండు. లేవలే. నడుము కాడికెళ్ళి బెల్టు గుంజిండు. ఒకటి, రెండు, ఎన్నో యాదికి లేదు, వీపు మీద మంట తప్ప. బావ నా జుట్టు పట్టి గుంజి ఇసిరి కొడితే అరుగు రాయి అంచుకు పడ్డ, కనుబొమ్మ చీరి ఒక కన్ను నెత్తురుతోని మూసుకుపోయింది. రెండో కన్నుతోని నాయనమ్మ దిక్కు చూసి చెప్పిన.

"నేను పోసుకున్న నాయనమ్మా. రెండుసార్లు పోసుకున్న. నాకు సుత పచ్చనీళ్ళే కారినయి. నాకు కామెర్లు లేకుండె."

బాపు మళ్ల బెల్టు లేపిండు. నాయనమ్మ ఆపుమన్నది. నా మొఖం చాలసేపు చూసింది, అబద్ధమాడితే నాకు చెంప ఎగురుతది, అది ఆమెకే ఎరుక. చూసి చూసి, గిన్నె నా చేతిల పెట్టి, అందరి ముంగట అరుగు మీద ఎల్లకిల పండుకున్నది.

"నాకు పొయ్యి."

పోసిన. ఆమె కాళ్ళు ఎవ్వలు పట్టలే, చేతులు ఎవ్వలు పట్టలే. అంత మంటకు సుత మెసలలే ముసలామె, అరుగు అంచు పట్టుకొని గోర్లు ఇరిగేదాంక గట్టిగ పట్టింది. తుమ్మింది. లేచి కూసొని తబుకు ఒళ్ళో పెట్టుకున్నది. బొట్టు పడ్డది, ఇంకో బొట్టు పడ్డది. పచ్చగ.

అందరికన్న ముందు అర్థమయింది అక్క వాళ్ళ అత్తకు. ఏడాది సంది తిన్న తిట్లు, గోడకు కొట్టుకున్న తల, అంత ఒక్కసారి ఆమె కండ్లల్లకొచ్చింది.

"నెయ్యి తినవెట్టి నేనే సంపుకున్ననంటివి గదనే ముసల్దానా. పదిమందిల అంటివి గదనే."

మందు నూరే రాయి లేపి కొట్టింది. తలకే తగులు గని నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది, మణికట్టు కాడ బొక్క ఇరిగిన సప్పుడు అందరికి ఇనవడ్డది. రెండో దెబ్బకు నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టలే, తల ఒంచి కూసున్నది, కొట్టనియ్యి అన్నట్టు. ఆ దెబ్బ పడకముందే బాపు అత్త మీదికి పోయిండు, బావ బాపు మీద పడ్డడు, ఇద్దరు మోరీల పడి గుద్దుకున్నరు. వాకిట్ల కూసున్నోళ్ళల్ల ఎవరి ఇంట్ల ఎవరు పోయిండ్రో, ఎవరి కడుపుల ఏమున్నదో, వాళ్ళు సుత లేచిన్రు. గిన్నెలు పగలగొట్టిన్రు, తీగ పీకి తొక్కిన్రు, తలుపు మీద రాళ్ళేసిన్రు. పోయిన వారం దండం పెట్టినోళ్ళే.

ఆ లొల్లిల అక్కను అందరు మర్చిపోయిన్రు. ఆటో భాయ్ ఒక్కడే మర్చిపోలే. "చల్ బేటీ, పకడ్" అని ఒక దిక్కు ఆయన, ఒక దిక్కు నేను పట్టి ఆటోల పండవెట్టినం. నా నెత్తురు అక్క చీర మీద కారుతుంటే, దవాఖానల ముందుగాల నన్నే స్ట్రెచర్ ఎక్కియ్యబోయిన్రు.

అక్క బతికింది. తొమ్మిది దినాలు మనుషుల్ల లేదు, కడుపుల బిడ్డ దక్కలే, గని అక్క బతికింది. ఇంకొక్క పూట ఆగితే తల్లి సుత దక్కకపోవు అన్నది డాక్టరమ్మ. నా కనుబొమ్మకు కుట్లేసుకుంట అంత అడిగి, నేను రసం పోసుకున్న ముచ్చట ఇని నవ్వలే, తిట్టలే. కామెర్లు కాలేయంల ఉంటయి, ముక్కుల కాదు, ఆ రసానికి ముక్కు లోపల పుండయి ఎవ్వలకైనా పచ్చనీళ్ళే కారుతయి అన్నది. మరి మంచిగైనోళ్ళు అంతమంది ఉన్నరు కదా అని అడిగిన. నీళ్ళతోని వచ్చే కామెర్లు మస్తు మందికి మందు పోసినా పొయ్యకున్నా వాటికవే తగ్గుతయంట, కడుపుతోనున్నోళ్ళకే పెద్ద గండమంట. ఆకు మందులన్ని అబద్ధం కాదు, కొన్ని గోళీలు సుత చెట్లకెళ్ళే వచ్చినయి, కాకపోతే మందు తీసుకున్నోళ్ళను, తీసుకోనోళ్ళను పక్కపక్కన పెట్టి చూసినంకనే నమ్మాలె అని చెప్పింది.

ఇంటికొచ్చినంక సుత జనం మందుకు రావుడు ఆగలే. అదే నాకు వింత. నాయనమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని గడపల కూసునేది, ఇది మందు కాదు, దవాఖానకు పోర్రి, నాకు తెల్వకపాయె ఇన్నేండ్లు అని ఒక్కొక్కరికి చెప్పేది. పోసినప్పుడు కొట్టినోళ్ళు కొంతమంది, పొయ్యనన్నందుకు కొట్టవచ్చినోళ్ళు కొంతమంది. ఒకాయన ఆమె మొఖం మీద ఊసిపోయిండు. తుడుసుకొని ఎనుకొచ్చినాయనకు మళ్ల గదే చెప్పింది. అక్క వాళ్ళ అత్త మాత్రం రాలే. ఇద్దరు మళ్ల మాట్లాడుకోలే, నాయనమ్మ పోయిన దినం వచ్చి వాకిట్ల దూరంగ నిలవడ్డది, అంతే.

ఇప్పుడు ఆ వాకిట్ల స్కూటర్లు పెట్టుకుంటున్నరు. బాపు బెల్టు ఇడిచి చాన ఏండ్లయింది, ముసలోడయిండు, నేను గట్టిగ మాట్లాడితే ఆయనే బెదురుతడు. కండ్లు పచ్చగైతే మా గల్లీల ఇప్పుడు దవాఖానకే పోతున్నరు, రిపోర్టు కవరు పట్టుకొని పేరు పిలిచేదాంక వరుసల కూసుంటున్నరు, మంచిదే, గట్లనే కావాలె, నేను దెబ్బలు తిన్నది గందుకే. అయినా ఆ వరుసలల్ల ఎవరన్న భయపడి ఏడుస్తుంటే నాకు ఒకటి యాదికొస్తది. పోసుడు అయిపోయినంక, మనిషి తన్ని తన్ని అలసిపోయి పడుంటే, నాయనమ్మ తన కొంగుతోని వాళ్ళ ముక్కు తుడిచి, తల మీద చెయ్యి పెట్టి, వాళ్ళ ఏడుపు ఆగేదాంక తియ్యకపోయేది. ఎనుక ఎంతమంది ఉన్నా తియ్యకపోయేది. ఆ మందు తప్పు, ఆ నెత్తుర్లన్ని తప్పు, నేను ఒప్పుకుంట. ఇరిగిన చెయ్యి మూడు నెలలకు అతికింది, బువ్వ కలుపుకున్నది, చీర కుచ్చిళ్ళు పెట్టుకున్నది, నా జడ సుత ఏసింది. గని ఒక్కరి తల మీదికి మళ్ల లేవలే ఆ చెయ్యి.