పై సగం వెల్లకిలా, కింది సగం బోర్లా

ఒక మనిషిని నడుం దగ్గర మెలితిప్పి, రంగుల్లో అచ్చేసి, అతని భార్య చేతిలో పెట్టిన ఘనుణ్ణి నేను. నవ్వే ముందు కాస్త ఆగండి. ఆవిడ అన్నంత పనీ చేసి ఉంటే ఈ సంగతి చెప్పడానికి మిగిలేవాణ్ణి కాదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. పలాసలో కొత్తగా తెరిచిన స్కానింగ్ సెంటర్లో నేను టెక్నీషియన్ని. విశాఖలో శిక్షణ పొంది వచ్చానేమో, నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. సీటీ మిషను ఒంటిని రొట్టె ముక్కల్లా అడ్డంగా ఫోటోలు తీస్తుంది. కంప్యూటరు ఆ ముక్కలన్నీ పేర్చి మనిషిని త్రీడీలో నిలబెడుతుంది. ఆ పేర్చే విద్య జిల్లా మొత్తంలో నాకొక్కడికే తెలుసని నా నమ్మకం.

ఆ రోజు వజ్రపుకొత్తూరు వైపు నుంచి అప్పన్న వచ్చాడు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి, నడుం నొప్పితో నిలబడలేకపోతున్నాడు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఆ ఉద్దానం ప్రాంతంలో నడుం నొప్పంటే ముందు భయం కిడ్నీల మీదికే పోతుంది. అతని అన్నను ఆ జబ్బే తీసుకుపోయింది. భార్య నీలమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పన్నను వెల్లకిలా పడుకోబెట్టి మొదలెట్టిన స్కాన్ సగం అయ్యేసరికి కరెంటు పోయింది. పలాస కరెంటుకి నా మీద ఏ జన్మ పగో! జనరేటరు అందుకునేలోగా అప్పన్న లేచి బయటికెళ్ళొచ్చాడు.

"మొదటినుంచీ తియ్యవయ్యా," అన్నారు డాక్టరుగారు.

"ఎందుకు సార్? మిగతా సగం తీసి అతికించేస్తాను."

"కుదురుతుందా?"

"చిటికెలో పని సార్!"

అద్దాల గదిలోంచి మైకులో అప్పన్నకు చెప్పాను: "తిరిగి పడుకో!"

మళ్ళీ పడుకోమని నా ఉద్దేశం. అతను నిజంగానే తిరిగి, బోర్లా పడుకున్నాడు. ఏసీ చలికి నీలమ్మ దుప్పటి నిండా కప్పేసి బయటికి వచ్చింది. నాకు కనిపించింది దుప్పటే. మిగతా సగం తీశాను, రెండు సగాలూ అతికించాను, సరిగా చూడకుండానే అచ్చేసి, డాక్టరుగారి కంటే ముందు నీలమ్మకిచ్చాను. గొప్ప చూపించుకోవద్దూ మరి!

ఆవిడ బొమ్మను నిలువుగా చూసింది, తలకిందులు చేసి చూసింది.

"ఏటి బాబూ ఇది? మావోడి పిర్రలు ముందుకొచ్చీసినాయేటి?"

చూశాను. ఛాతీ ఎముకలు మా వైపు. పిరుదులూ మా వైపే.

"అది... త్రీడీ అమ్మా."

"తీడీయో గీడీయో! నా మొగుణ్ణి లోపలికి తీసుకెళ్ళి ఏటి సేసినావు?"

వరండాలో జనం మూగిపోయారు. అప్పన్న చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుని, "ఎనకే ఉన్నాయే," అన్నాడు. నీలమ్మ నమ్మలేదు. ఫోటో అబద్ధమెందుకు చెబుతుందని ఏడుపు లంకించుకుంది.

డాక్టరుగారు వచ్చి బొమ్మను ఒక్కసారి చూశారు.

"బోర్లా పడుకున్నావా?"

"ఈ బాబే తిరిగి పడుకోమన్నాడు. తిరిగినాను, పడుకున్నాను."

అప్పుడు డాక్టరుగారు నన్ను చూసిన చూపుకి ఏ మిషనూ అక్కర్లేదు. నా ఎముకలన్నీ ఆయనకి విడివిడిగా కనిపించే ఉంటాయి.

మళ్ళీ మొదటినుంచీ తీశాం. ఈసారి నీలమ్మ అద్దం వెనక నా చొక్కా పట్టుకుని నిలబడింది.

"మావోడికేటైనా అయితే నీ నడుం నాను తిప్పుతాను, సూడు!"

ఆఖరికి డాక్టరుగారు ఫిల్ములు, రక్తపరీక్షలు చూసి, "కిడ్నీలు రెండూ బాగున్నాయమ్మా. మూత్రం దారిలో రాయి అడ్డుపడింది, అంతే," అన్నారు. నీలమ్మ అక్కడే కూలబడి, ఈసారి సంతోషంతో ఏడ్చింది.

నేను ఆ పాడు బొమ్మను చింపబోతుంటే అప్పన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"సింపకు బాబూ, నాకిచ్చీ. ముందూ ఎనకా సూసుకోవని మా ఆడది రోజూ తిడతాది. ఇందులో రెండూ ఒక్కపాలే కనిపిత్తన్నాయి గదా!"

ఆ క్షణమే, ఆ మిషను మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. రెండు సగాలు అతికించి మనిషిని తయారుచేసే పని ఇక నేను పెట్టుకోను, అది దేవుడే చూసుకోవాలి. ఆయనైనా పలాస కరెంటును నమ్ముకోకపోతే మంచిది.