రోజూ శనివారమే

మా ఆయనకు తలలో గడ్డ తీశాక, పెద్దాసుపత్రి డాక్టరు మందులతో పాటు తిండి గురించీ ఒక మాట చెప్పారు. పిండి పదార్థాలు తగ్గించి నెయ్యి, గుడ్లు, గింజల్లాంటివి పెంచితే, మిగిలిన గడ్డకు తిండి అందక కొందరికి మేలు జరగవచ్చట. ఇంకా రుజువు కాలేదట. చేస్తే డైటీషియన్ చెప్పినట్టే చెయ్యాలట, బరువు తగ్గకూడదట. వెంట వచ్చిన మా ఆడపడుచు చెవికి ఎక్కింది మాత్రం ఒక్కటే, చావల్ బంద్, అన్నం మానెయ్యాలి.

ఊరి చివరి సిర్గిట్టి నుంచి రోజూ ఆటోలో మా రైల్వే క్వార్టర్‌కు వచ్చి పెత్తనం మొదలుపెట్టింది. మా వాళ్ళలో శనివారం రాత్రి అన్నం మాని టిఫిన్ తింటారు. అన్నం మానడమంటే ఆవిడకు తెలిసిన పద్ధతి అదే. ఇక మా ఇంట్లో వారమంతా శనివారమే. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం సగ్గుబియ్యం కిచిడీ, రాత్రి ఇడ్లీ, మధ్యలో అరటిపళ్ళు. గుడ్డు పెడదామంటే పథ్యంలో నీచేమిటని కసిరేది. డైటీషియన్‌కు ఫోన్ చేద్దామంటే ఆ పిల్లకేం తెలుసనేది. ఇదంతా మా వంటింట్లో కూర్చుని, పప్పన్నంలో నెయ్యి వేసుకుని తింటూ.

మా ఆయన లోకో షెడ్‌కు ఏనాడూ అన్నం క్యారేజీ లేకుండా వెళ్ళిన మనిషి కాదు. ఉప్మా అసలు గిట్టదు. అయినా మందనుకుని మింగేవారు, సగం వదిలేసేవారు. ప్యాంటు నడుము దగ్గర జారిపోతుంటే, గడ్డ మాడుతోందని ఆవిడ మురిసిపోయింది. ఎవరు మాడుతున్నారో నాకు కనబడుతూనే ఉంది, ఒళ్ళు మండిపోయేది.

తర్వాతి చెకప్‌కూ ఆవిడే ముందు నడిచింది. ఏం తింటున్నారని డైటీషియన్ అడిగితే, బడిలో పద్యం అప్పజెప్పినట్టు అన్నీ చెప్పింది. ఆ అమ్మాయి అంతా రాసుకుంది. రవ్వ, సగ్గుబియ్యం, ఇడ్లీ, అన్నీ పిండేనని, ఇది అన్నం తిన్నట్టేనని తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఇంత చిక్కిపోయాక పథ్యం ఊసు వద్దని, ఏది తినగలిగితే అది పెట్టమని, బలం రాకపోతే తర్వాతి మందు ఎక్కించలేరని కూడా చెప్పింది.

ఆయన ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాక అడిగారు.

"అయితే ఇన్నాళ్ళూ నాను అన్నం తిన్నట్టేనేటి?"

"అంతేనటండి."

"మరి నాకు తిన్నట్టు లేదేటే?"

వెళ్ళి కుక్కర్ పెట్టాను. ఆడపడుచు గుమ్మంలో నిలబడి, "ఇయాల శనివారం కదేటి" అంది. ఆవిణ్ణి పక్కకు జరగమని కంచం పట్టుకెళ్ళాను. ఆయన పప్పన్నం కలుపుకుని రెండు ముద్దలు తిన్నారు. మూడోది నోటిదాకా తీసుకెళ్ళి, చాలన్నారు.