నాయన చూడని తాజ్ మహల్

మా నాయన ఆగ్రాకు ఎన్నిసార్లు పోయి వచ్చాడో ఆయనకే గుర్తు లేదు. తాజ్ మహల్ మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఈ మాట చెబితే కొత్తవాళ్ళు నవ్వుతారు, నేనేదో కోతలు కోస్తున్నాననుకుంటారు. నవ్వే ముందు ఆయన పనేమిటో అడగాలి కదా! మా నాయన టూరు బస్సుల్లో వంటమాస్టరు.

ఇప్పుడైతే సెల్లులో వేలు పెట్టి నొక్కితే టూరు ప్యాకేజీ దొరుకుతుంది. నా చిన్నప్పుడు అలా కాదు. చెరుకు ఫ్యాక్టరీకి తోలేసి, వేరుశనక్కాయలు అమ్మేసి, కాస్త తీరిక చిక్కాక మా చిత్తూరు జిల్లా రైతులూ, టౌన్లలో అంగళ్ళు పెట్టుకున్నవాళ్ళూ కలిసి ఒక బస్సు మాట్లాడుకునేవాళ్ళు. దానికి 'నార్త్ టూరు' అని పేరు. ఆ బస్సుకు డ్రైవరు ఎంత ముఖ్యమో వంటమాస్టరు అంతకంటే ముఖ్యం. మావాళ్ళు దేశమంతా చూడ్డానికి సిద్ధమే గానీ, పూటపూటా రొట్టెలు తింటూ చూడ్డానికి మాత్రం సిద్ధం కాదు. బస్సు నెత్తిన బియ్యం బస్తాలు, చింతపండు, ఎండుమిరపకాయలు, ఊరగాయ జాడీలు, గుండిగలు, పొయ్యిలు. లోపల మనుషులు. బస్సు ఎక్కడ ఆగితే అక్కడ నాయన అందరికంటే ముందు దిగి, గాలి ఎటు నుంచి కొడుతోందో చూసుకుని పొయ్యి పెట్టేవాడు. జనం గుళ్ళూ కోటలూ తిరిగి వచ్చేసరికి అన్నం, పప్పు, రసం పొగలు కక్కుతూ ఉండాలి. వాళ్ళు చూసే వేళే ఆయన వండే వేళ. ఇంకెప్పుడు చూస్తాడు?

అందుకే నాయన తిరిగిన దేశం వేరు. ఆగ్రాలో గట్టి పెరుగు ఏ వీధిలో దొరుకుతుందో, కాశీలో లేత వంకాయలు ఎవరి దగ్గర కొనాలో, ఏ ఊరి నీళ్ళకు కందిపప్పు ఉడకకుండా మొరాయిస్తుందో ఆయనకు తెలుసు. టూరు ముగించుకుని వచ్చిన రోజు మా ఇల్లంతా పోపు వాసన, డీజిలు వాసన. సంచిలో నుంచి బూడిదగుమ్మడి మిఠాయి తీసి నా చేతిలో పెట్టేవాడు. ఒకసారి బస్సు కిటికీల దగ్గరికొచ్చి అమ్మేవాడి దగ్గర గాజు పెట్టెలో పెట్టిన చిన్న తాజ్ మహల్ కొని తెచ్చాడు. లోపల చిన్న బల్బు. స్విచ్చు వేస్తే ఎర్రగా వెలిగేది. దాన్ని టీవీ మీద పెట్టాం. మా వీధిలో పిల్లలందరూ దాన్ని చూడ్డానికి వచ్చినప్పుడు నేను పడిన గర్వం ఇప్పుడు తలచుకున్నా నాకు నవ్వొస్తుంది, ముచ్చటగానూ ఉంటుంది.

పక్కింటివాళ్ళు వచ్చి, "ఏమప్పా, తాజ్ మహల్ సూసినావా?" అని అడిగేవాళ్ళు.

నాయన నోరు తెరిచేలోపే అమ్మ అందుకునేది. "ఆయన్ను తాజ్ మహల్ సంగతి ఎందుకడగతారు? ఆగ్రాలో పప్పు ఉడికిందా లేదా అడగండి, సెప్తాడు!"

అందరూ నవ్వితే ఆయనా నవ్వేవాడు. తర్వాత నాతో మాత్రం తన బాధ చెప్పుకునేవాడు. "సూసొచ్చినోళ్ళను అడగతా పాపా, ఎట్లుండాది అని. ఒక్కరన్నా సరిగ్గా సెప్పరు. 'ఆకలేస్తా ఉండాదప్పా, ముందు అన్నం పెట్టు' అంటారు. తిన్నాక గుర్రు పెడతారు. అంత దూరం పోయి, అంత గొప్పది సూసొచ్చి, నోరు తెరిస్తే ఆకలి! ఏం మనుషులో ఏమో!"

మనసులో అంత ఉబలాటం పెట్టుకున్న మనిషికి దొరికిన జవాబు ప్రతిసారీ అదే.

పెద్దయ్యాక నేను తిరుపతిలో ఒక లాడ్జి కౌంటరులో ఉద్యోగానికి కుదురుకున్నాను. రోజంతా ఎక్కడెక్కడి నుంచో ప్యాకేజీల్లో వచ్చేవాళ్ళకు తాళాలివ్వడమే నా పని. మెడలో ఒకే రంగు గుర్తింపు కార్డులు వేసుకుని, గైడు జెండా వెనక పడుతూ లేస్తూ వస్తారు. గదిలో వేడినీళ్ళు రాలేదని నాతో గొడవ పడతారు. నాకూ నోరు తక్కువేం కాదు, తిరిగి నాలుగు అంటాను. కానీ వాళ్ళలో ఎవరైనా ముసలాయన తల పైకెత్తి కొండ వంక నోరు తెరుచుకుని చూస్తుంటే నాకు నాయనే గుర్తొచ్చేవాడు. ఊరూరి జనం మా ఊరు చూసిపోతున్నారు. మా నాయన ఊరూరూ తిరిగి పొయ్యి చూసి వచ్చాడు.

అప్పటికి ఆయన నడుము గుండిగలు ఎత్తలేనని మొండికేయడంతో పని మానేశాడు. ఆ వెనకే చక్కెర జబ్బు కళ్ళకు ఎక్కింది. ఒక కన్ను దాదాపు పోయింది. రెండోదాన్ని జాగ్రత్తగా చూసుకోండి, అది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం నాయన గాజు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ, "దీంట్లో సూసింది సాల్లే మా" అన్నాడు. ఆ ఒక్క కన్నూ ఉండగానే ఆయనకు తాజ్ మహల్ చూపించి తీరాలని ఆ క్షణమే అనుకున్నాను.

బెంగుళూరు కంపెనీ ఒకటి మా వైపు నుంచి నార్త్ టూరు ప్యాకేజీ వేస్తోందని తెలిసి అమ్మకు, నాయనకు, నాకు సీట్లు తీసుకున్నాను. వెనక్కి వాలే సీట్లు, ఏసీ, బస్సు అడుగున అరలో వంట సామాను, వెంట ఒక వంటమనిషి. తోడుగా మేనేజరు. నాయన సంబరం చెప్పనలవి కాదు. ఆయనకు దొరికిన కిటికీ సీటు గురించి వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. తీరా బయలుదేరేది మంగళవారమని తెలిసేసరికి మొహం మాడ్చుకున్నాడు.

"మంగళవారం పూట గడప దాటతామా మా? నా సర్వీసులో ఒక్క బస్సన్నా మంగళవారం కదిలిందా?"

నేను నచ్చచెప్పబోయాను. వింటేగా! మేనేజరు దగ్గర నంబర్లు తీసుకుని మాతో వచ్చేవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. అందరూ మా వైపు మనుషులే, మంగళవారం అనగానే అందరూ తలకాయలు అడ్డంగా ఊపారు. చివరికి కంపెనీవాళ్ళు సరేనని బయలుదేరడం బుధవారానికి మార్చారు. దారిలో చూసే ఊర్లన్నీ ఒక్కో రోజు వెనక్కి జరిగాయి. నాయన మీసం దువ్వుకున్నాడు.

ఊర్లు చూసుకుంటూ వారం పైన పట్టిన దారంతా హాయిగా గడిచింది. తనకు చేతిలో పని లేకపోవడం నాయనకు కొత్త. బస్సు ఆగగానే దిగి వంటమనిషి దగ్గరికి పోయి నిలబడేవాడు. ఆయన నాయుడుపేట పక్క మనిషి, నలభై దాటి ఉంటాయి, నెమ్మదైనవాడు. "పొయ్యి ఆ పక్కకు జరుపప్పా, గాలి ఇట్ల కొడతా ఉండాది" అని నాయన అనడం, అమ్మ పోయి చెయ్యి పట్టి లాక్కురావడం. "ఏమయ్యో, నువ్వు టికెట్టు కొన్న మనిషివి. గమ్మున రా!"

ఆగ్రా చేరేసరికి పొద్దెక్కింది. ఊరి మొదట్లో టీ తాగడానికి ఆగాం. టీ అంగడాయన మా వాలకం చూసి, ఎక్కడికని సైగ చేశాడు. తాజ్ మహల్ అన్నాను. ఆయన నవ్వుతూ చెయ్యి అడ్డంగా ఊపాడు. "జుమ్మా. బంద్" అన్నాడు. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం తాజ్ మహల్ మూసేస్తారు.

నా ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. నేరుగా పోయి మేనేజరును పట్టుకున్నాను. "ఏం సార్, జనాన్ని ఇంత దూరం తోలుకొచ్చేది గేటు చూపించేదానికా? తేదీ మార్చేటప్పుడు వారం చూసుకోరా? ఏం మేనేజరబ్బా నువ్వు!" ఆయన కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. మరుసటి రోజుకు ఆగుదామంటే కాశీలో గదులు పోతాయి, బస్సు నిండా ఉన్నవాళ్ళు ఊరుకోరు. మా గురువారం ఆగ్రా మంగళవారం పట్టింపు వల్ల శుక్రవారంలోకి జారిపడింది. బస్సులో గుసగుసలు మొదలయ్యాయి. మంగళవారం వద్దని గోల చేసింది ఎవరో అందరికీ తెలుసు.

నాయన టీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నేనే కదా మా సెడగొట్టుకునింది" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. మా తిరుపతిలో దర్శనానికి సెలవనేది లేదు. ఇక్కడ ఉంటుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

అమ్మ మాత్రం కొంగు బొడ్లో దోపుకుని, "శుక్రవారం గదా, ఆ రాణెమ్మ తలంటుకుంటా ఉంటాది. ఈపొద్దు ఎట్ల కనపడతాది?" అంది. నాయన ఆ బాధలోనూ ఫక్కున నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు, బస్సులో బిగుసుకున్న గాలి కాస్త సడలింది.

అప్పుడు మేనేజరు చెమట తుడుచుకుంటూ చెప్పాడు. నది అవతలి ఒడ్డున ఒక తోట ఉందట, అది శుక్రవారం కూడా తెరిచి ఉంటుందట. అక్కడి నుంచి తాజ్ మహల్ వెనక వైపు మొత్తం కనబడుతుందట. బస్సు తోట పక్కనే ఆపుకోవచ్చు, వంట కూడా అక్కడే చేసుకోవచ్చు. దగ్గరి నుంచి కాదు గదా అని కొందరు మూతి విరిచారు. నేను మాత్రం పదండి అన్నాను.

బస్సు దిగగానే నాయన కాళ్ళు అలవాటుగా పొయ్యి వైపే నడిచాయి. అమ్మా నేనూ చెరో చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకుపోయాం. చివరిదాకా నడిస్తే కంచె, కంచె అవతల ఇసుక, సన్నగా పారే నది, నీళ్ళలో గేదెలు. ఆ గేదెల వెనక, మా టీవీ మీద ఇన్నేళ్ళూ ఎర్రగా వెలిగినది, ఇక్కడ తెల్లగా, ఆకాశమంత పెద్దగా నిలబడి ఉంది.

నాయన కంచె కమ్మీ పట్టుకున్నాడు. చూపు తక్కువైన కన్ను చేత్తో మూసుకుని, మంచి కన్నుతో చూశాడు. మా గుంపువాళ్ళు ఫోటోలు దిగారు, సెల్ఫీలు తీసుకున్నారు, ఎండగా ఉందని చెట్ల కిందికి పోయారు. ఆయన కదల్లేదు. అమ్మ కూడా నోరు మూసుకుని నిలబడింది, మా ఇంట్లో అది చాలా అరుదు. ఆయన కంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేనూ ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

చాలాసేపటికి అడిగాను. "ఎట్లుండాది నాయనా?"

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. చెప్పడానికి ఏదో వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది. చివరికి నా వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా మొహం పెట్టి, "ఆకలేస్తా ఉండాది మా. ముందు అన్నం తిందాం పా" అన్నాడు.

అని, తానేం అన్నాడో తనకే అర్థమై ఆగిపోయాడు. నేను పడీ పడీ నవ్వాను. అమ్మ నవ్వుతూ ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. "ఇన్నేండ్లు ఊరందరినీ తిట్టినావే, ఇప్పుడేం సెప్తావు?"

"పాపం, వాళ్ళు మాత్రం ఏం సెప్తారే" అన్నాడు నాయన.

బస్సు పక్కన చెట్ల నీడలో పట్టాలు పరిచి ఉన్నాయి. అన్నం, పప్పు, చారు, వంకాయ వేపుడు. చూసి వచ్చినవాళ్ళ వరసలో నాయన కూర్చోవడం అదే మొదటిసారి. ప్లేటు ముందు పెట్టుకుని కూర్చోవడం కూడా ఆయనకు చేతకాలేదు, అటూ ఇటూ సర్దుకున్నాడు. వంటమనిషి వచ్చి వంగి అన్నం పెడుతూ మెల్లగా అడిగాడు.

"పెద్దాయనా, ఎట్లుండాది తాజ్ మహల్?"

నాయన చెయ్యి అన్నంలోనే ఆగింది. "నువ్వు సూళ్ళేదా?"

"యాడప్పా! ఇన్నేండ్లుగా వస్తానే ఉండా. పొయ్యి ఇడిసి ఎట్ల పొయ్యేది?"

నాయన ప్లేటు పక్కకు జరిపి లేచాడు. వంటమనిషి చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. "నువ్వు పో. తోట ఈన్నే గదా, సూసి రా. వడ్డించేది నేను సూసుకుంటా."

"సార్ తిడతాడు పెద్దాయనా."

"నేను సెప్పుకుంటాలే, పో అప్పా!"

నాకు కోపం ముంచుకొచ్చింది. ఇంత దూరం తీసుకొచ్చింది మళ్ళీ గరిటె పట్టుకోవడానికా? "నాయనా, ఒక్క పూటన్నా కూర్చుని తినవా?" అని అరిచాను. ఆయన నా వంక చూశాడు. అంతే, నేను లేచి చెయ్యి కడుక్కుని, వంటమనిషికి టికెట్టు తీసివ్వడానికి ఆయన వెంట గేటు దాకా పోయాను. ఆయన భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, వెనక్కి వెనక్కి చూసుకుంటూ లోపలికి పోయాడు.

నేను తిరిగి వచ్చేసరికి నాయన వరస మధ్యలో నడుం వంచి, "చారు, చారు! ఇంకొంచెం ఏసుకోమ్మా, దూరం పోవాల" అంటూ తిరుగుతున్నాడు. నడుము నొప్పి ఎటు పోయిందో! మంగళవారం గొడవ అందరూ మరచిపోయారు. "ఇంక ఈ మనిషి మారడు" అంది అమ్మ, చారు పోయించుకుంటూ.

అందరూ తిని లేచారు. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. నాయన ఒక ప్లేటులో అన్నం, పప్పు, మిగిలిన వేపుడంతా పెట్టి మూత వేసి, తాను కూడా తినకుండా కూర్చున్నాడు. కాసేపటికి వంటమనిషి తోటలోంచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా నాయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, ఏదో చెప్పాలని చూస్తున్నాడు, మాట రావడం లేదు.

ఎట్లుండాదని నాయన అడగలేదు. మూత తీసి ప్లేటు ఆయన ముందుకు జరిపాడు.

"ముందు తిను" అన్నాడు.