గడియ గిన్నెలో దబ్బనం

మా ఇంటి గడియ గిన్నె తప్పు గిన్నె. అది తప్పుగా ఉన్నన్నాళ్ళూ మా అక్క మిరపతోట చివరి మడిదాకా తడిసింది. దాన్ని నేను సరిచేశాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పని తలుచుకుంటే నామీద నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఊరు నాగలాపురం పక్కన. నల్లరేగడి నేల, వానను నమ్ముకున్న సేద్యం. అలాంటి చోట మాకు ఒక ఉప్పునీళ్ళ బావి ఉండేది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన అక్కకు ఊరి పెద్దలు మా నాన్న భాగంలోంచి ఒక తోట ముక్క, ఆ బావిలో నీళ్ళు ఇప్పించారు. మోట తోలే రోజుల్లో పొద్దు పొడిచింది మొదలు ఆరు గిన్నెల నీళ్ళు అక్కవి. ఆపైన పొద్దు గూకేదాకా మోట మా చిన్నాయనది.

గిన్నె అంటే అడుగున సన్నటి బెజ్జం ఉన్న రాగి గిన్నె. నీళ్ళ తొట్టిలో వదిలితే బెజ్జంలోంచి నీళ్ళు ఎక్కి మెల్లగా మునుగుతుంది. మునిగితే ఒక గడియ అయినట్టు. పంచాంగం ప్రకారం గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. మా గిన్నెకు పంచాంగంతో పని లేదు. దాన్ని చింతపండుతో తోమకూడదు, బెజ్జంలో ముల్లు గానీ సూది గానీ పెట్టకూడదు. పెట్టినవాడు నీళ్ళ దొంగ కింద లెక్క. మా నీళ్ళకు బెజ్జం చుట్టూ తెల్లగా ఉప్పు గట్టిపడి దారి ఇరుకైంది. పెద్దలు ఆ ఉప్పును కళ్ళతో చూసే, ఆ గిన్నెతోనే అక్కకు ఆరు అని తీర్పు చెప్పారు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

అప్పుడు నేను విరుదునగరం బడిలో సైన్సు పాఠాలు చెప్పే వాద్యారుని. మన భాష మాట్లాడే వకీలు ఒకాయన తన పెరట్లో శంకువు పాతించి, దాని నీడతో మధ్యాహ్నం ఎప్పుడయిందో చూసి మురిసిపోయేవాడు. ఆయనకు ఒక సభ పెట్టాలని బుద్ధి పుట్టింది.

"ఏమయ్యా వాద్యారూ, మీ ఊర్లో గడియ గిన్నె ఉండాదంట కదా. తెల్లోడి గడియారానికి అది తీసిపోదని జనం కండ్లారా చూడాల. సైన్సు చదివినోడివి, నీవు చూపిస్తేనే నమ్ముతారు."

నాకు ఆ చివరి మాట తలకెక్కింది. వానల్లో మోట ఆగిన రోజులు చూసి, చిన్నాయనను అడిగి గిన్నె తెచ్చాను. రైలు స్టేషను గడియారంతో నా చేతి గడియారం సరిపెట్టుకుని, బడి వరండాలో తొట్టి పెట్టి చూశాను. గిన్నె మునగడానికి దాదాపు అరగంట పట్టింది. మళ్ళీ మళ్ళీ చూశాను. అంతే.

వకీలుకు చెప్పాను. ఆయన నవ్వాడు.

"గిన్నెదేం తప్పయ్యా? తప్పు మురికిది. కడిగి తే. సభలో మన తాతల మానం తీస్తావా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే అది పరీక్ష అయ్యేది. ఉప్పు పట్టిందని, అరగంట చూపిస్తోందని, అయినా ఒక ఊరు దానితో నీళ్ళు పంచుకుంటోందని సభలో చెప్పవలసింది. నేను గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకున్నాను. దాని మొనతో కొంచెం గీరడం, గిన్నె వదలడం, గడియారం చూడడం, మళ్ళీ గీరడం. జవాబు ముందే రాసుకుని లెక్క చేయకండిరా అని పిల్లల చెవులు మెలిపెట్టినవాణ్ణి, అదే పని చేస్తూ కూర్చున్నాను. నిమిషాలు సరిపోయేదాకా గీరాను.

సభలో గిన్నె మునగగానే చప్పట్లు మోగాయి. వకీలు నా మెడలో దండ వేశాడు. తాతల పేరు చెప్పుకుని ఆయన మురిశాడు, తాతల గిన్నె పాడుచేసి నేను మురిశాను. ఎవరికి ఎక్కువ సిగ్గు లేదో ఇప్పటికీ చెప్పలేను.

గిన్నె తిరిగి ఇచ్చినప్పుడు చిన్నాయన దాన్ని బోర్లించి బెజ్జం వంక చూశాడు. అక్కడ రాగి తళతళలాడుతోంది. తర్వాత నా వంక చూశాడు. "టవున్లో మెచ్చుకున్నారా?" అని మాత్రం అడిగి లోపల పెట్టుకున్నాడు.

ఎండలు ముదిరాక సెలవులకు కోవిల్‌పట్టిలో రైలు దిగి ఊరికి వెళ్ళాను. అక్క కాళ్ళకు నీళ్ళివ్వకముందే అడిగింది.

"తమ్ముడా, కడ మడులకు నీళ్ళు పారలేదురా. గిన్నెను ఏం చేస్తివి?"

"ఏమీ చేయలేదక్కా, కడిగినా. ఇప్పుడే అది సరిగ్గా ఉంది. గడియారంతో చూసినా."

"నీ గడియారం వచ్చి మిరపచెట్లకు నీళ్ళు పోస్తుందా?"

నేను నవ్వేశాను. ఆ నవ్వుకు నన్ను చెంపమీద కొట్టాల్సింది. చివరి మడుల్లో మిరపచెట్లు పూత రాల్చేస్తున్నాయి. ఏడాది తిండి ఆమెకు ఆ తోటలోంచే రావాలి.

అక్క తనకు తోచింది తాను చేసింది. తేనెమైనం నలిపి బెజ్జం అంచుకు కొంచెం అద్దింది. ఒకనాటి పొద్దున మూడో గిన్నె దగ్గర చిన్నాయన గిన్నె పైకెత్తి గోటితో గీకాడు. మైనం ఊడి వచ్చింది.

"చూడండయ్యా! నా అన్న కూతురు, నా బాయి కాడ, నాకే కన్నం పెడతా ఉండాది!"

పక్క పొలాలవాళ్ళు చేరారు. తీర్పు చెప్పిన పెద్దల్లో ఒకాయన వచ్చి మైనం చూసి, నన్ను పిలిచాడు.

"వాద్యారూ, నీ దగ్గర గడియారం ఉండాది కదా. నీవే చూసి చెప్పు. ఏది సరి?"

అక్క నా వైపే చూస్తోంది. గిన్నెలో దబ్బనం పెట్టింది నేనేనని ఒక్క మాట చెబితే చాలు. చెబితే ఊర్లో నీళ్ళ దొంగ నేనవుతాను. ఆ మాట రైలెక్కి విరుదునగరం చేరితే నా సభ, నా దండ, నా సైన్సు అన్నీ నవ్వులపాలవుతాయి.

నేను గడియారం తీశాను. మైనంతో ఒకసారి, మైనం లేకుండా ఒకసారి గిన్నె వదిలి చూశాను. ఎంత శ్రద్ధగా చూశానో!

"మైనంతో తప్పు. లేకుంటే సరి" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. దానికే నాకు ఎక్కువ మండుతుంది.

మైనం పెట్టినందుకు శిక్షగా, ఆ ఎండల్లోనే అక్క నీళ్ళు ఆరు గిన్నెల నుంచి నాలుగుకు తగ్గించారు. తోట సగం ఎండింది. ఆమె సాత్తూరులో అగ్గిపుల్లలు పేర్చే కూలికి పోయింది.

కొన్నేళ్ళకు అక్కడికి వెళ్ళి, ఆమె గడప దగ్గర నిలబడి, దబ్బనం సంగతి మొత్తం చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె అగ్గిపెట్టెలు అతికిస్తూనే విన్నది.

"నాకు యాల చెప్తావు? నాకు అప్పుడే తెల్సు. పెద్దాయన ఇంకా ఉండాడు, చిన్నాయన ఉండాడు. పో, బాయి కాడ నిలబడి చెప్పు."

సరేనని బయల్దేరాను. కోవిల్‌పట్టిలో దిగాను. మా ఊరి వైపు బండి సిద్ధంగా ఉంది, బండివాడు పిలిచాడు కూడా. నేను గడియారం చూసుకుని, విరుదునగరం పోయే రైలుకు ఇంకా టైముందని ప్లాట్‌ఫారం మీదికి తిరిగి వచ్చాను.