గుడ్డి బావతో షికార్లు

మా రాయగడలో రైలు కట్ట అవతల రేకుల షెడ్డొకటి ఉంది. దిక్కులేని కుక్కల్ని తెచ్చి అందులో సాకుతారు. ఆదివారం పొద్దున్నే వెళ్లి వాటిని కాసేపు బయట తిప్పుకు రావడం నా పని. జీతం గీతం లేదు.

"సంత సంచి మొయ్యమంటే నడుం నొప్పంటావు, కుక్కల్ని తిప్పడానికైతే పరిగెట్టుకుని పోతావేటి?" అంటుంది మా ఆవిడ.

"అవి ఎదురు మాటాడవు కదే" అన్నానో, ఆ పూట నాకు టిఫిను ఉండదు.

నేను ఎనిమిదో క్లాసుతో చదువు ఆపేసి పంక్చర్ షాపులో కుదిరినవాణ్ణి. నోరు మాత్రం ఆపలేదు. ట్యూబుకి గాలి కొడుతూ కూడా మాటాడుతూనే ఉంటాను. షెడ్డు నడిపే ఒడియా ఆవిడ, మా అందరికీ దీదీ, నాకు గుడ్డి కుక్కని అప్పగించింది అందుకే.

"దీనికి కళ్లు కనబడవు. పక్కన మనిషి మాట వినబడితేనే అడుగేస్తుంది. నీకన్నా వాగుడుకాయ ఇటు రాయగడలోనూ లేడు, అటు కోరాపుట్‌లోనూ లేడు" అంది. పొగిడిందో తిట్టిందో నేనడగలేదు. తాడు తీసుకున్నాను.

ఆ కుక్క లక్ష్మీపూర్ సంతలో మాంసం కొట్ల వెనక పడుంటే, ఎవరో కూరగాయల వ్యానులో వేసుకుని తెచ్చేరట. పాలు పోసినట్టు తెల్లటి కళ్లు, ఒక చెవి సగమే, నడక మాత్రం జమీందారుది. పెద్దవాడు కదా అని "ఏం బావా" అన్నాను. తోక ఊపాడు. వరస కుదిరిపోయింది.

ఇంక దారి పొడుగునా నా గొడవే. "బావా, ఇదిగో ఇడ్లీ బండి. చట్నీలో నీళ్లు తప్ప ఏం లేవు, మనం ఆగొద్దు. ఇదిగో రాయి, కాలెత్తు. రాయికి కాదయ్యా, దాటడానికి!" నేను బీడీ ముట్టించడానికి మాట ఆపితే ఆయనా ఆగేవాడు, ముందు కాలొకటి గాల్లోనే పెట్టుకుని. దెబ్బకి ఆదివారాలు బీడీ మానేశాను. మా ఆవిడ ఇన్నేళ్లుగా చేయించలేని పని అది.

స్టాండులో ఆటోవాడొకడు నవ్వేవాడు. "కుక్కకి కథ సెప్తన్నావేటిరా?"

"నీకు సెప్తే సగంలో లేచిపోతావు. మా బావ ఆఖరిదాకా వింటాడు."

షెడ్డులో మాత్రం బావకి సుఖం లేదు. అన్నం గిన్నె పెట్టగానే కుర్ర కుక్కలు తోసేసేవి. నేనున్న రోజు కడుపు నిండేది, లేని రోజు దీదీ చూసేలోపు గిన్నె ఖాళీ. పక్కటెముకలు తేలిపోయాయి. పైగా వానలు దగ్గర పడుతున్నాయి. ఆయనకొక ఇల్లు చూడాలి.

దీదీది ఒకటే షరతు. తీసుకెళ్లే మనిషితో కుక్క వీధి మలుపు దాకా నడవాలి, నడిస్తే అటునుంచి అటే ఇంటికి. అప్పటికే రెండు కుటుంబాలు వచ్చాయి. వాళ్లు తాడు లాగారు, బావ చతికిలబడ్డాడు. "మొద్దు కుక్క" అని వెళ్లిపోయారు.

మూడోసారి ఒక సిస్టరమ్మ వచ్చింది. పార్వతీపురం వైపు మనిషి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు, ఒక్కర్తీ ఉంటుంది. "నేను డ్యూటీకెళ్లి వచ్చేసరికి ఇల్లు పీకి పందిరెయ్యనిది ఏదైనా ఉందా?" అని అడిగింది. బావని చూసి, వంగి, పక్కటెముకలు తడిమింది. "ఇది చాలు" అంది. అంతే. ఇంక మాట లేదు. మాటాడని మనిషి, మాట లేందే కదలని కుక్క. మంచి సంబంధమే తెచ్చావు దేవుడా అనుకున్నాను.

"మాటాడుతూ నడవాలి సిస్టరమ్మా, ఆపకూడదు."

"ఏం మాటాడను?"

"ఏదో ఒకటి. పక్కింటోళ్ల గొడవలు."

"నాకు తెలీవు తమ్ముడూ."

"రా బాబూ" అని బావని పిలిచి సిస్టరమ్మ తాడు పట్టుకుంది. బావ రెండడుగులేసి కూర్చున్నాడు. మళ్లీ పిలిచింది. మళ్లీ అంతే. నేను అందుకోబోతే దీదీ కసిరింది. "నువ్వు నోరెత్తకు. నీ మాటకి నడిస్తే ఏం లాభం?"

సిస్టరమ్మ తాడు తిరిగి ఇవ్వబోయింది. నా ప్రాణం ఉసూరుమంది.

"డ్యూటీలో కూడా ఎవరితోనూ మాటాడరా?" అన్నాను గుసగుసగా.

"డ్యూటీ దిగేటప్పుడు వచ్చే సిస్టరుకి వార్డు అప్పజెప్పాలి కదా. ఒక్కో మంచం దగ్గరా ఆగి, ఎవరికెలా ఉందో అన్నీ చెప్తాను."

"అయితే బావకి ఈ వీధి అప్పజెప్పండి."

ఆవిడ నవ్వింది. గొంతు సవరించుకుంది.

"ఎడం పక్క కాలవ. మూత లేదు, కనిపెట్టుకుని ఉండాలి. ముందు ఆవు. పడుకునే ఉంది, మేత బాగానే తింటోంది. కుడిపక్క పంపు దగ్గర ముగ్గురు ఆడవాళ్లు. కేకలున్నాయి, జ్వరం లేదు."

బావ లేచాడు.

"తర్వాత ట్రాక్టరు. పొద్దుట్నుంచి దగ్గుతోంది. ఎవరూ చూడలేదు."

ఆయన నడుస్తున్నాడు. తాడు వదులుగా వేలాడుతోంది. నేనూ దీదీ గేటు దగ్గరే నిలబడ్డాం.

మలుపు ఇంక నాలుగడుగులుందనగా బైకొకటి హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయింది. సిస్టరమ్మ ఉలిక్కిపడి ఆగిపోయింది. బావా ఆగాడు. ముందు కాలు గాల్లో పెట్టి, తల నా వైపు తిప్పాడు. ఉన్న చెవి నిక్కబొడిచాడు.

నాకు గొంతు దాకా వచ్చేసింది, "బావా" అని. అన్నానంటే వెనక్కొచ్చేస్తాడు. భుజమ్మీద తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాను.

"బైకు వెళ్లిపోయింది. దెబ్బలేం లేవు" అంది సిస్టరమ్మ గొంతు పెంచి. "పద బాబూ, ముందు మెరక ఉంది, నెమ్మదిగా."

బావ కాలు దించాడు. మెరకెక్కాడు. ఇద్దరూ మలుపు తిరిగారు. మాటలు మాత్రం ఇంకా సన్నగా వినబడుతూనే ఉన్నాయి.

"ఇంక నోరు విప్పొచ్చులే" అంది దీదీ.

బావకి వినబడుతుందేమోనని, తువ్వాలు తియ్యకుండానే తల అడ్డంగా ఊపాను.