ఇరవై అడుగుల నాలుగంగుళాలు

మా ఊరి బోర్డు హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం ఏటా ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించేది. ముప్పైరెండు పుటలు. ఎవరికి తాసిల్దారుగా ప్రమోషన్ వచ్చింది, ఎవరి కూతురి పెండ్లి ఏ ఊర్లో జరిగింది, ఎవరు కాలం చేశారు అన్నవాటికి ఇరవై ఆరు పుటలు పోయేవి. కడమ ఆరు పుటలు ఆటలవి. ఆ ఆరూ నాకు అప్పగించారు. నేను ఆ స్కూల్లో చదివింది మూడో ఫారం వరకే, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి. ఆపైన లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. నేను పనిచేసే నాపరాళ్ళ డిపోలో బండ మీద కొలకర్ర పెట్టి తీసేలోగా ఎన్ని చదరపు అడుగులో కాగితం లేకుండా చెప్పేవాణ్ణి. అంకె తప్పు పోకూడదంటే ఆయనకే ఇవ్వండి అని సంఘంలో అందరూ అన్నారు. ఆ మాట నాకు గొప్పగానే ఉండేది.

చివరి పుటలో స్కూలు రికార్డుల పట్టిక వేసేవాళ్ళం. లాంగ్ జంప్ దగ్గర ఇరవై అడుగుల నాలుగంగుళాలు అని ఉండేది. ఆ అంకె తప్పని నాకు తెలుసు. తెలిసి కూడా ఏటా నా చేత్తోనే రాసి ప్రెస్సుకు పంపేవాణ్ణి.

ఎట్లా తెలుసో చెప్పాలి. మా డిపోలో ఆరడుగుల కర్రలు రెండు ఉండేవి. గనిలో రాయి కొట్టేవాళ్ళ దగ్గర బండలు కొలిచి తీసుకోవడానికి ఒకటి, కొనేవాళ్ళకు కొలిచి ఇవ్వడానికి ఒకటి. మొదటి కర్ర అసలు పొడుగు ఆరడుగుల రెండంగుళాలు. రెండోది ఐదడుగుల పదంగుళాలు. రెండింటి మీదా ఆరు అడుగుల గీతలే, అడుగుకు పన్నెండు గీతలే. పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. పక్కపక్కన ఎప్పుడూ పెట్టేవాళ్ళు కారు. ఒకటి గని దారి వైపు గోడకు ఆనించి ఉండేది, రెండోది బజారు వైపు వాకిలి దగ్గర. చుట్టుపక్కల మరో రెండు మూడు డిపోలలో కూడా ఇదే వాడుక. దీన్ని మోసమని మేమెవరం అనుకోలేదు. బండ అంచులు చెక్కేటప్పుడు పోయే తరుగు అని పేరు పెట్టుకున్నాం. ఇరవై ఏండ్లు నేను ఆ రెండు కర్రలతోనే కొలిచాను.

నేను డిపోలో చేరిన మొదటి ఏడు, స్కూల్లో ఆటల రోజున డ్రిల్లయ్యవారికి టేపు దొరకలేదు. మా యజమానిని కర్ర అడిగి పంపారు. "ఆ వాకిలికాడిది తీసుకొనిపో" అన్నాడు యజమాని. తీసుకొని పోయింది నేను. ఇసుకలో కర్రను మూడుసార్లు పొర్లించి, మిగిలింది గీతల లెక్కన చూసి, ఇరవై అడుగుల నాలుగంగుళాలని అరిచి చెప్పింది నేను. దూకినాయన పక్క పల్లెలో పెద్ద సేద్యం ఉన్న ఇంటి కొడుకు. జనం ఆయన్ను ఎత్తుకొని తిప్పారు. కర్రల సంగతి అప్పటికి నాకు తెలియదు. ఆర్నెల్లకు తెలిసింది. తెలిసిన రోజే లెక్క కట్టాను. ఆ కర్ర మీద రెండు వందల నలభై నాలుగు గీతలంటే అసలు అంగుళాలు రెండు వందల ముప్పై ఏడు, పైన ఐదో వంతు. అంటే పందొమ్మిది అడుగుల తొమ్మిదంగుళాలు, ఆపైన కొంచెం.

ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. దూకినాయన సేద్యం చూసుకుంటూ పెద్దమనిషయ్యాడు, సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఇరవై ఏండ్లలో ఆ రికార్డు దరిదాపుల్లోకి ఎవరూ పోలేదు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు అవసరం వచ్చింది. కోసిగి దిక్కు నుంచి వానలు లేక వలస వచ్చిన ఒకాయన మా గనిలో రాయి కొట్టేవాడు. ఆయన కొడుకు మా స్కూల్లోనే ఎస్సెస్సెల్సీ పాసయ్యాడు. పొద్దున గనిలో తండ్రికి చేయి సాయం చేసి, సాయంత్రం స్కూలు ఇసుక గుంతలో దూకేవాడు. మద్రాసులో డ్రిల్లు మాస్టర్ల ట్రైనింగుకు పోవాలని అతని ఆశ. డ్రిల్లయ్యవారు కనుక్కొని చెప్పిందేమంటే, ఊరికే అర్జీ పెడితే వందల్లో ఒకటిగా పడి ఉంటుంది. స్కూలు రికార్డు ఇతనిదేనని హెడ్‌మాస్టరూ సంఘం అధ్యక్షుడూ సంతకాలు పెట్టిన కాగితం జతచేస్తే తప్పకుండా పిలుస్తారు. గడువు ఆ నెలాఖరు.

పూర్వ విద్యార్థుల దినాన పోటీ పెట్టారు. కర్నూలులో సర్కారు కట్టడాలు చూస్తున్న ఓవర్సీరు ఒకాయన, మా స్కూల్లో చదివినవాడే, ఇనుప టేపు తెచ్చాడు. ఆ యువకుడు మూడోసారి దూకినప్పుడు ఓవర్సీరు వంగి చదివాడు: పందొమ్మిది అడుగుల పదకొండంగుళాలు. మళ్ళీ కొలవమన్నాడు ఆ యువకుడు. మళ్ళీ అంతే వచ్చింది. "ఐదంగుళాలు తక్కువప్పా, పాపం" అని జనం లేచిపోయారు.

నేను అక్కడే నోటుబుక్కు పట్టుకొని నిలబడి ఉన్నాను. అంకె వేసుకున్నాను. తలలో లెక్క అయిపోయింది కూడా: రికార్డు కంటే ఒకటిముప్పావు అంగుళం ఎక్కువ. అప్పుడే నోరు తెరవాల్సింది. ఇంటికి పోయి కాగితం మీద ఇంకోసారి సరిచూసుకొని చెబుదామనుకున్నాను. నాలుగడుగుల అవతల మా యజమాని కూర్చొని ఉన్నాడన్నది కూడా నిజమే.

ఆ యువకుడి తండ్రి నా దగ్గరికి వచ్చాడు. చదువుకోలేదు.

"లెక్కలన్నా, ఐదంగుళాలంటే ఎంత?"

నా బొటనవేలూ చూపుడువేలూ చాపి చూపించాను. తన చేతి పక్కన పెట్టి చూసుకున్నాడు.

"ఇంతేనా? దీనికోసరం మా వాడు రాళ్ళు కొట్టల్లనా?"

మరుసటి రోజు పొద్దున అధ్యక్షుడి ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో కూర్చొని పండ్లు తోముకుంటున్నాడు.

"ఏమప్పా, పొద్దున్నే ఇట్ల వస్తివి? పుస్తకం అచ్చయిందా?"

"ల్యాదన్నా. నీ దూకు సంగతి మాట్లాడల్లని వచ్చినా."

"నా దూకా? ఇప్పుడు మంచం మీంచి దిగేదే కష్టంగా ఉండాది."

మొత్తం చెప్పాను. కర్రలు రెండని, తీసుకుపోయింది ఏదని, గీతల లెక్క ఎంతని. వినేకొద్దీ ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"అంటే నేను దూకింది అబద్ధమంటావు."

"దూకింది నిజమేనన్నా. కొలిచింది తప్పు. కొలిచినోణ్ణి నేనే."

"మల్ల ఇన్నేండ్లు ఏం జేస్తాంటివి? ఏటా నీ చేత్తో రాసి పంపిన అంకేకదప్పా అది. ఇప్పుడొచ్చి దాన్ని నమ్మొద్దంటాండావు. ఇంగ నీ కొత్త అంకెను ఎట్ల నమ్మేది?"

ఆయన చెంబు ఎత్తి నోరు పుక్కిలించి ఉమ్మాడు. చెడ్డమనిషి కాదు.

"ఆదివారం కమిటీ ఉండాది. కర్ర తీసుకొనిరా. టేపు పక్కన పెట్టి అందరికీ చూపియ్. కమిటీ ఒప్పుకుంటే నేను సంతకం పెడ్తా. నా పేరు కొట్టేసి వాని పేరు రాయి, నాకేం బాధలేదు" అన్నాడు. బాధ ఉందని గొంతులో తెలుస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున వాకిలి దగ్గరి కర్రను భుజాన వేసుకొని స్కూలుకు పోయాను. కమిటీలో పదకొండు మంది. మా యజమాని అందులో ఒకడు. నా భుజం మీద కర్రను చూసి కుర్చీలో సర్దుకొని కూర్చున్నాడు. తండ్రీ కొడుకూ బయట వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డారు. హెడ్‌మాస్టరు బల్ల మీద కర్ర పెట్టాను. ఓవర్సీరు దాని మీద టేపు పరిచి, "ఐదడుగుల పది" అని పైకి చదివాడు.

నేను లేచి చెప్పడం మొదలుపెట్టాను. ఈ కర్ర మీద గీత ఒక్కొక్కటి అంగుళం కాదు, అంగుళంలో డెబ్బై రెండు పాళ్ళలో డెబ్బై పాళ్ళు. కాబట్టి రెండు వందల నలభై నాలుగు గీతలను... అక్కడిదాకా వచ్చాను. ప్లీడరు ఒకాయన చేయి ఎత్తాడు.

"ఆగప్పా కొంచెం. మా ఇంటికి బండలు కొలిచింది ఈ కర్రతోనేనా?"

నేను యజమాని దిక్కు చూశాను.

"పాత కర్రప్పా అది," అన్నాడు యజమాని. "ఎండకు కుంచించుకపోయింటాది."

"కట్టె పొడుగున రెండంగుళాలు కుంచించుకపోతాదా? నువ్వు గూడ శానా ఏండ్లు ఎండలో తిరిగినావు కదా, ఏం తగ్గలేదే!"

"మా వాకిట్లో అరుగుకు ఆరడుగుల బండ వేయిస్తి," అని ఇంకొకాయన లేచాడు. "మా మామ పండుకుంటే కాళ్ళు బయటికొస్తాండాయి. ఇన్నాళ్ళూ మామే పొడుగనుకొని మంచం వేస్తాంటి!"

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరే లేచారు. పదకొండు మందిలో ఏడుగురి ఇండ్లల్లో పరిచింది మా డిపో బండలే. మా కల్లానికి, మా నడవకు, మా అత్తగారింటి మిద్దెకు అని మొదలుపెట్టారు. ప్లీడరు నా దిక్కు తిరిగాడు.

"లెక్కలాయనా, మాది నాలుగొందల చదరపు అడుగులు. ఎంత తక్కువ పడింటాది?"

ఇక్కడ నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దూకు సంగతి తేలేదాకా చెప్పనని అనాల్సింది. కానీ లెక్క అడిగితే చెప్పకుండా ఉండే అలవాటు నా నోటికి లేదు. "ఇరవై రెండు అడుగులు" అని టక్కున చెప్పేశాను. అంతే. పొడుగులో తేడా కొంచెమే, చదరానికి వచ్చేసరికి రెండింతలవుతుందని వాళ్ళకు అప్పుడు అర్థమైంది. మాకు ఎంత, మాకు ఎంత అని ఏడుగురూ నా చుట్టూ మూగారు. నేను ఒక్కొక్కరికీ చెబుతూ పోయాను. ఒక్కటీ తప్పు పోలేదు.

అధ్యక్షుడు రెండుసార్లు బల్ల మీద చరిచాడు. "ముందర ఆ పిల్లోని దూకు సంగతి తేల్చండప్పా."

"దూకు యాడికి పోతాదన్నా, ఈడనే ఉంటాది. మా బండల సంగతి చూడనీ."

పన్నెండు గంటలకు ప్లీడరు ఓవర్సీరును చేయి పట్టుకొని తన ఇంటికి తీసుకుపోయాడు, టేపుతో సహా. అతని వెనక మరో ఐదుగురు పోయారు. మిగిలినవాళ్ళతో తీర్మానం చేయడానికి సంఖ్య చాలలేదు. బండల పంచాయితీ తెగినాక మళ్ళీ కూర్చుందామని హెడ్‌మాస్టరు మినిట్సు బుక్కులో రాశాడు. ఆ పంచాయితీ తెగడానికి మూడు నెలలు పట్టింది. అర్జీ గడువుకు మిగిలింది తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజుల్లో అధ్యక్షుడి దగ్గరికి నాలుగుసార్లు పోయాను. కమిటీ మాట లేకుండా పెట్టనన్నాడు. హెడ్‌మాస్టరు దగ్గరికి పోతే, అచ్చు పుస్తకం తీసి నా అంకెనే నాకు చూపించాడు. చివరికి లెక్కంతా రెండు పుటల్లో రాసి, కింద నా సంతకం పెట్టి, అదే జతచేసి అర్జీ పంపించాము. అధికారం ఉన్నవారి ధ్రువపత్రం లేదు కాబట్టి పరిశీలించలేమని మద్రాసు నుంచి కార్డు వచ్చింది.

డిపోలోంచి నన్ను తీసివేయలేదు. తీసివేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని యజమాని భయం. ఇనుప టేపు కొన్నాడు. ప్లీడరుకూ మిగతావాళ్ళకూ తక్కువ పడిన బండలు బండ్ల మీద పోయాయి. గని దారి వైపు ఉన్న పొడుగు కర్ర గురించి మాత్రం కమిటీలో ఒక్కరూ అడగలేదు. దాని సంగతి నేనే పోయి ఆ తండ్రికి చెప్పాను. ఆయన రాయి మీద ఉలి పెట్టి కొడుతూనే, తల ఎత్తకుండా, "తెలుసులేన్నా. గనిలో అందరికీ తెలుసు. అడిగితే ఇంగో గని చూసుకోమంటారు" అన్నాడు.

కొడుకు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుకు పోతున్నానని చెప్పడానికి డిపోకు వచ్చాడు. పెట్టె పక్కన పెట్టుకొని కూర్చున్నాడు.

"అన్నా, మీ లెక్క ప్రకారం నేను గెలిచినట్లేనా?"

"గెలిచినావు."

"ఎంతతో?"

"ఒకటిముప్పావు అంగుళం."

తల ఊపాడు. "ఆ పొద్దు ఇసుకకాడ మీకు తెలుసా ఇది?" అన్నాడు.

తెలుసన్నాను. ఆ రోజు టేపు అక్కడే ఉంది, కర్ర డిపోలో పిలుపు దూరంలో ఉంది, హెడ్‌మాస్టరూ అధ్యక్షుడూ ఒకే బెంచీ మీద ఉన్నారు. పావుగంట పని. అతను ఇవన్నీ లెక్క వేసుకునే ఉంటాడు. పెట్టె తలకెత్తుకొని బస్సు దిక్కుకు పోయాడు.

ఆ ఏటి పుస్తకానికి నేను లాంగ్ జంప్ దగ్గర అతని పేరూ పందొమ్మిది అడుగుల పదకొండంగుళాలూ రాసి పంపాను. ప్రూఫు మీద హెడ్‌మాస్టరు, కమిటీ తీర్మానం లేదని ఎర్ర సిరాతో కొట్టేసి పాతదే రాశాడు. పాతదే అచ్చయింది. మరుసటేడు నుంచి ఆ ఆరు పుటలు ఎవరికైనా ఇచ్చుకోండని చెప్పేశాను. అయినా ఆటల రోజున కొలవడానికి నన్నే పిలిచారు. ఎనిమిది మంది దూకారు. అందరికంటే ఎక్కువ దూకినవాడిది పదిహేడడుగుల ఆరంగుళాలు. టేపు చుడుతుంటే ప్లీడరు బెంచీ మీంచి కేక వేశాడు.

"రికార్డుకు ఎంత తక్కువ, లెక్కలాయనా?"

ఏ రికార్డుకు అని అడిగాను. అందరూ నవ్వారు. నేను జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.